ఆయుధపూజలో తోలుకుచ్చు

దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని వస్తువు లేదని మా అమ్మ నమ్మకం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన నాటి నుంచీ ఆవిడ ఆ మాట అంటూనే ఉంది. పట్టుచీర, పాత ప్రశ్నపత్రాలు, సెల్‌ఫోను కవరు, గవర్నమెంటు ఉద్యోగం మీద ఆశ, అన్నీ మెట్రో స్టేషన్ కిందే దొరుకుతాయి. ఒక్కటి మాత్రం దొరకదు. భార్య ఇష్టపడి దెబ్బలు తినాలనుకుంటే, భర్త ఒప్పుకుని కొట్టడానికి చేతిలో పట్టుకునే మంచి సాధనం. ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగి చూశాను. ఆఖరికి నేనే తయారు చేసుకున్నాను.

చదువుతున్నవాళ్ళలో కొందరు ఇక్కడే ముఖం చిట్లించి ఉంటారు. చిట్లించుకోనివ్వండి. మా వీధిలో ఒక మొగుడు పెళ్ళాన్ని కొడితే పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుతారు. మర్నాడు ఆమె గేటు దగ్గర కనిపిస్తే టమాటాల ధర గురించి మాట్లాడతారు. పెద్దవాళ్ళు వచ్చి సర్దుకుపొమ్మని చెప్పి, టీ తాగి వెళతారు. ఈ ఊళ్ళో పెళ్ళాన్ని కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే ఒక ఆడది నోరు తెరిచి, నాకు ఇది ఇష్టం, ఇక్కడే, ఇంతవరకే అని చెబితే దాన్ని డాక్టరుకు చూపించాలంటారు.

నేను డాక్టరుకు చూపించుకోలేదు. మా ఆయనకు చెప్పాను.

మా ఆయనది నల్లగొండ దగ్గర పల్లె. ఎల్బీనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో లెక్కలు చూస్తాడు. మనిషి ఎంత మెత్తన అంటే బొద్దింకను కూడా చీపురుతో బయటికి సాగనంపుతాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకు, ఒక ఆదివారం ఇద్దరం బాల్కనీలో బట్టలు మడత పెడుతుంటే చెప్పాను, నన్ను అప్పుడప్పుడు కొట్టాలని. చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఎందుకు? ఏం జేసినవ్?" అన్నాడు.

"ఏమీ చేయలేదు. నాకు ఇష్టం."

"ఏం జెయ్యకుంటె ఎందుకు కొట్టాలె?"

రసీదు లేని ఖర్చు చూపించినట్టు చూశాడు నన్ను. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళకు నేను కోచింగ్ సెంటర్‌లో సైన్స్ చెబుతాను. తలకెక్కని వాళ్ళకు తలకెక్కించడం నా వృత్తి. అయినా ఈ ఒక్క పాఠం చెప్పడానికి నా ఓపికంతా ఖర్చయింది. ఇది కోపం కాదు, శిక్ష కాదు, నువ్వు మొగాడివని చూపించుకోవడం అసలే కాదు, ఇద్దరం కలిసి ఆడుకునే ఆట అన్నాను. విన్నాడు. ఫోనులో చదివాడు. మళ్ళీ మొదటికి వచ్చి, "నిజంగ నీకు ఇష్టమేనా?" అని అడిగాడు. అలా ఎన్నిసార్లు అడిగాడో! నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగినప్పుడు కూడా ఇంత నిర్ధారణ చేసుకోలేదు.

చివరికి ఒప్పుకున్నాడు. కొన్ని షరతులు పెట్టుకున్నాం. పోట్లాడుకున్న రోజు వద్దు. మందు వాసన ఉన్న రోజు వద్దు. వెన్నెముక మీద, నడుము మీద, కీళ్ళ మీద తగలకూడదు. కండ ఉన్నచోటే. ఆపెయ్యాలంటే ఒక మాట అనాలి, ఆ మాట వినగానే చేతిలో ఉన్నది కింద పడాలి. ఆ మాట ఏమిటా అని చాలా ఆలోచించాం. వినగానే ఎలాంటి ఉత్సాహమైనా చచ్చిపోవాలి కదా. "కరెంటు బిల్లు" అని ఖాయం చేశాం.

మొదటిసారి ఒట్టి చేత్తోనే. మిఠాయి దుకాణంలో ఈగను తోలినట్టు కొట్టి, వెంటనే సారీ అన్నాడు. రెండోదానికీ సారీ. మూడోదానికి కళ్ళు మూసుకున్నాడు. "కళ్ళు మూసుకుంటే గురి తప్పుతుంది బాబూ" అన్నాను. "తెరిస్తె చెయ్యి లేస్తలేదు" అన్నాడు. నాకు నవ్వాగలేదు. నవ్వేవాళ్ళను కొట్టడం ఇంకా కష్టమట.

చేతిలో ఏదైనా ఉంటే ధైర్యం వస్తుందేమోనని ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. మాది రెండో అంతస్తు, కింద ఇంటి ఓనరు ఆంటీ. మా పార్సిళ్ళన్నీ ముందు ఆవిడ చేతిలో పడతాయి. ఆవిడ వాటిని నొక్కుతుంది, ఊపుతుంది, వాసన చూస్తుంది. "బెల్టా అమ్మా?" అంది. బెల్టేనన్నాను. "బాబుకా?" అంది. బాబుకేనన్నాను. తీసుకొచ్చి విప్పితే లోపల కిరోసిన్ వాసనకొట్టే రెక్సిన్ తోకలు. రెండో దెబ్బకు కుట్లు ఊడిపోయాయి. రంగు మాత్రం నాకు అంటుకుని రెండు రోజులు వదల్లేదు. ఆన్‌లైన్ బొమ్మలోనేమో విదేశీ సరుకులా ఉంది.

అప్పుడు నిర్ణయించుకున్నాను, నేనే చేస్తానని. చేసుకునే పద్ధతులు చెప్పేవాళ్ళు ఇంటర్నెట్ నిండా ఉన్నారు. వాళ్ళందరికీ ఇంటి వెనక పెద్ద షెడ్డు, అందులో రకరకాల రంపాలు ఉంటాయి. వాల్‌నట్ చెక్క తీసుకోండి, మేపుల్ చెక్క తీసుకోండి అంటారు. మా బాల్కనీలో వాషింగ్ మెషీన్, తులసి కుండీ, మా ఆయన హెల్మెట్ చోటు కోసం కొట్టుకుంటూ ఉంటాయి. మేపుల్ కావాలని ఎల్బీనగర్ టింబర్ డిపోలో అడిగితే టైల్స్ షాపుకు దారి చూపించారు.

మొదట మామిడిపళ్ళ పెట్టె చెక్కతో మొదలుపెట్టాను. పండ్ల మార్కెట్టు గడ్డిఅన్నారం నుంచి వెళ్ళిపోయినా ఆ పక్కన తోపుడుబండ్ల వాళ్ళ దగ్గర పెట్టెలు దొరుకుతూనే ఉంటాయి. ఒకటి అడిగి తెచ్చుకుని, ఒక పలకను అట్లకాడ ఆకారంలో కోసి, గరుకు కాగితంతో పైపైన రుద్దాను. అంతే చాలనుకున్నాను. ముందు దిండు మీద పరీక్షించాం. దిండు గలేబు చిరిగింది. సరే ఇంకోసారి చూద్దామని మా ఆయన గట్టిగా పట్టుకున్నాడు, పెద్ద పేడు అరచేతిలో దిగింది. దెబ్బలు తినాల్సినదాన్ని నేను హాయిగా కూర్చున్నాను, కొట్టాల్సినవాడు రక్తం కారుస్తున్నాడు. పిన్నీసుతో తీయబోతే "కరెంటు బిల్లు! కరెంటు బిల్లు!" అని అరిచాడు. ఆ మాటను మా ఇంట్లో మొట్టమొదట వాడింది ఆయనే.

రెండోసారి తెలివి తెచ్చుకుని, సాగర్ రోడ్డులో తుర్కయంజాల్ వైపు ఉన్న ఒక డిపోకు వెళ్ళాను. టేకులో కావాలని చెప్పి, కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. రంపం దగ్గర ఉన్నాయన దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

"ఏందమ్మా గిది?"

"అప్పడాలు తిప్పేది. క్యాటరింగ్ వాళ్ళకు."

"గింత మందం ఎందుకు?"

"పెద్ద అప్పడాలు."

"టేకా? టేకుతోని అప్పడాలు తిప్పుతరా?"

"డబ్బున్నవాళ్ళ పెళ్ళి" అన్నాను. ఆ మాటతో ఆయనకు అనుమానాలన్నీ తీరిపోయాయి. డబ్బున్నవాళ్ళు ఏం చేసినా మన ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోరు.

ఆ పలకను మేడ మీద కూర్చుని నున్నగా చేశాను. గరుకు కాగితం మారుస్తూ, ఇంకా సన్నది, ఇంకా సన్నది అని రుద్దుతూ పోయాను. అంచులు వాడిన సబ్బుబిళ్ళలా గుండ్రంగా రావాలి. ఎక్కడా వేలికి ఏమీ తగలకూడదు. ఆంటీ బట్టలు ఆరేయడానికి వచ్చి, "ఏం చేస్తున్నావమ్మా?" అంది. క్రాఫ్ట్ అన్నాను. "వార్నిష్ కొట్టు, మెరుస్తుంది" అని సలహా ఇచ్చింది. వార్నిష్ పొరలుగా లేస్తే చర్మానికి గుచ్చుకుంటుందని ఆవిడకు చెప్పలేను కదా. అవిసె నూనె పట్టించాను.

ఇక తోలు. ఆటో సీట్లు కుట్టే దుకాణంలో అడిగితే అంతా రెక్సిన్. అసలు తోలు మా పుట్టింట్లో దొరికింది. నాన్న రిటైరైనప్పుడు ఆఫీసువాళ్ళు ఇచ్చిన బ్యాగు అటక మీద ఊరికే పడి ఉంది. దాన్ని తెచ్చి సన్నని పట్టీలుగా కోశాను. కొసలు మొనదేలితే చురుక్కుమంటుంది, అందుకని గుండ్రంగా కత్తిరించాను. ముడులు వేయలేదు, ముడి తగిలినచోట గాయమవుతుంది. పట్టీలన్నిటినీ ఒక కర్రముక్క చుట్టూ బిగించి, పైన క్రికెట్ బ్యాటు గ్రిప్పు తొడిగాను. మేం దానికి తోలుకుచ్చు అని పేరు పెట్టుకున్నాం. బ్యాగేదని అమ్మ అడిగితే ఎలుకలు కొట్టాయన్నాను. పెద్ద ఆఫీసరుగా చేసిన మా నాన్న సేవలు ఆ విధంగా ఇంకా కొనసాగుతున్నాయి.

ప్రతిదాన్నీ ముందు నా తొడ మీద నేనే కొట్టుకుని చూసేదాన్ని. వెడల్పు పలకైతే బరువుగా, లోతుగా తగులుతుంది. సన్న పట్టీ అయితే పైపైన మండుతుంది. అదే బలం, తక్కువ వైశాల్యం, ఎక్కువ పీడనం. ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్న సూత్రం పరీక్షల్లో మార్కులకు కాక ఇంకొకదానికి పనికిరావడం అదే మొదటిసారి చూశాను.

మా ఆయన కుర్చీలో దిండు పెట్టి సాధన మొదలుపెట్టాడు. ఆ దిండుకు కూడా మొదట్లో సారీలు చెప్పాడు. మెల్లగా చెయ్యి కుదిరింది. కళ్ళు తెరిచాడు. నా ముఖం చూస్తూ, నా ఊపిరి వింటూ, ఎక్కడ పెంచాలో ఎక్కడ తగ్గించాలో నేర్చుకున్నాడు. నాకు చాలా సంతోషంగా ఉండేది. అడిగింది అడిగినట్టు దొరకడం అనే సుఖం మా ఆడవాళ్ళలో చాలా తక్కువమందికి తెలుసు. ఇంతకంటే వివరంగా రాయను. మా అమ్మకు తెలుగు చదవడం వచ్చు.

ఇక వీటిని దాచడం. బీరువాలో పెడితే అమ్మ వస్తుంది, చీరలు సర్దుతుంది. మంచం కింద పెడితే పనావిడ ఊడుస్తుంది. నాకు గొప్ప ఆలోచన వచ్చింది. మా మామగారు లారీ డ్రైవరు. ఆయన పోయిన కొన్నేళ్ళకు, అంతకు ముందు దసరాకు ఊరెళ్ళి వస్తూ, ఆయన పనిముట్ల పెట్టెను మా ఆయన జ్ఞాపకంగా తెచ్చుకున్నాడు. పెద్ద ఇనుప పెట్టె, నూనె మరకలు, ఒక మూల సొట్ట. జ్ఞాపకంగా తెచ్చుకున్నాడే గాని, ఒక్కసారీ మూత తెరిచి చూడలేదు. అది అటక మీద ఉండేది. పానాల మీద పాత గుడ్డ పరిచి, మా పలకను, తోలుకుచ్చును అందులో పెట్టాను. ఇంతకంటే భద్రమైన చోటు ఈ భూమ్మీద లేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మా పుట్టింట్లో దసరా అంటే పుస్తకాలకు పసుపు, నాన్న స్కూటరుకు నిమ్మకాయలు. అంతటితో ఆయుధపూజ అయిపోయినట్టే. మా అత్తగారింట్లో అలా కాదు. ఇంట్లో పని చేసే ప్రతి వస్తువుకూ ఆ రోజు స్నానం, బొట్టు, పువ్వు. సుత్తి, కత్తెర, కొడవలి, జాకీ, ఏదీ తప్పదు. ఏటా మేమే పండక్కి ఊరికి వెళ్ళేవాళ్ళం కాబట్టి అక్కడి సామాన్లకే ఆ భోగం జరిగేది. ఆ ఏడు అత్తయ్య మా దగ్గరికి వచ్చింది. అంత తెలివిగలదాన్ని, ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పండగ పొద్దున నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. మా ఆయన కింద బండి కడుగుతున్నాడు. హాల్లో ఏదో ఇనుము చప్పుడవుతుంటే అత్తయ్య కత్తిపీట కడుగుతోందేమో అనుకున్నాను. చేతిలో గిన్నెతో బయటికి వచ్చి చూస్తే, పేపర్లు పరిచి ఉన్నాయి. వాటి మీద వరుసగా పానాలు, సుత్తి, స్క్రూడ్రైవర్లు, మా కూరగాయల చాకు, నా కత్తెర. వాటి మధ్య టేకు పలక. దాని పక్కన తోలుకుచ్చు. ఆవిడ పలకకు అడ్డంగా పసుపు రాసి, మధ్యలో గుండ్రంగా బొట్టు పెట్టింది. తోలుకుచ్చుకు ఒక్కో పట్టీకీ విడివిడిగా, ఎంతో భక్తిగా పెడుతోంది. పైన ఒక బంతిపువ్వు కూడా ఉంది.

అటక మీది నుంచి ఆ పెట్టెను దింపింది మా ఆయనేనని తర్వాత తెలిసింది. వాళ్ళమ్మ అడిగిందని దింపి, మూతైనా తీయకుండా కిందికి వెళ్ళిపోయాడట. అందులో ఏముందో మర్చిపోయాడట. ఇలాంటివాడికి కంపెనీవాళ్ళు లెక్కలు అప్పగించారు.

అప్పుడే తడి చేతులతో పైకి వచ్చాడు. చూశాడు. ముఖం బియ్యప్పిండి అయింది.

"ఏందిరా గిది?" అంది అత్తయ్య, తోలుకుచ్చు ఎత్తి చూపిస్తూ. "బండి తుడిచేదా?"

"అవునమ్మా" అన్నాడు.

"మంచిగున్నది. ఎవలు చేసిండ్రు?"

"కొన్నం" అన్నాడు. నా పనితనం గురించి ఆయన చెప్పిన మాట అదొక్కటే.

బండి తుడిచేది అనుకుంటే అనుకోనీ, పూజైపోతే మళ్ళీ పెట్టెలో పడిపోతుంది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. అంతలో చిన్నమామగారు వచ్చాడు. అంటే మా మామగారి తమ్ముడు, మా ఆయన చిన్నాయన. తుర్కయంజాల్‌లో కూతురి దగ్గర ఉంటాడు. పండగ కదా, సాయంత్రం దాకా ఆగకుండా జమ్మి ఆకు తీసుకుని వదినను చూసిపోదామని వచ్చాడు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆయన పెద్దమనిషి. మొగుడూ పెళ్ళాల గొడవలు తీర్చడంలో ఆయనను మించినవాడు లేడని పేరు. ఆయన తీర్చిన ఏ గొడవలోనూ మొగుడు ఓడిపోలేదు.

కుర్చీలో కూర్చుని, వరుసగా సామాన్లన్నీ చూసి, తోలుకుచ్చును చేతికి తీసుకున్నాడు. గాల్లో ఒకసారి ఊపాడు. తన చేతి మీద ఒకటి వేసుకున్నాడు. నవ్వడం మొదలుపెట్టాడు.

"వదినా, గిది బండి తుడిచేది గాదు. ఎన్ని పంచాయితీలు చేసిన, నాకు తెల్వదా? మనిషిని కొట్టేది గిది." మా ఆయన భుజం తట్టాడు. "అన్న కొడుకు అనిపించినవ్ రా! నేనింక గీ పట్నంల మెత్తగయిండనుకున్న." నా వైపు తిరిగి, ఎంతో ప్రేమగా, "ఏమనుకోకు బిడ్డా. ఆంధ్రా పిల్లవు, జర నోరెక్కువ. గట్లనే ఉండాలె, సంసారం నిలవడుతది" అన్నాడు.

మా ఆయన ఏమైనా అంటాడేమోనని చూశాను. గోడ మీది క్యాలెండరు చదువుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. పెళ్ళాన్ని కొట్టేవాడిగా ఉండిపోవడం ఆయనకు ఇబ్బందిగానే ఉంది, అది తెలుస్తూనే ఉంది. పెళ్ళాం అడిగితే చేసేవాడినని చెప్పడం అంతకంటే ఇబ్బందిగా ఉంది. ఆ రెంటి మధ్య క్యాలెండరు దొరికింది.

అయినా నేను నోరు మూసుకునేదాన్నేమో. ఒక్క పండగ పూట, పోనీలే అనుకునేదాన్నేమో. అత్తయ్య ముఖం చూశాను. కుంకుమ అంటిన వేలు గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ చిన్నమామగారిని చూడటం లేదు, నన్నూ చూడటం లేదు. కొడుకునే చూస్తోంది.

"నువ్వు గూడనారా?" అంది.

అంత చిన్న గొంతు. మా ఆయన మళ్ళీ క్యాలెండరు వైపే తల తిప్పాడు. ఆ మాటను అక్కడ అలా వదిలేస్తే ఆవిడ దాన్ని మోసుకుని ఊరికి వెళ్ళిపోతుంది. వాళ్ళిద్దరి మధ్య ఇక ఏదీ మామూలుగా ఉండదు.

"అది నేను చేశాను, అత్తయ్యా" అన్నాను.

చిన్నమామగారు ఇంకా గట్టిగా నవ్వాడు. "గిది ఇంకా మంచిగున్నది! తనను కొట్టేది తనే చేసిచ్చిందంట. ఎంత అణకువ పిల్ల! వదినా, నీ అదృష్టం."

"అణకువ కాదు మావయ్యా. నాకు ఇష్టమై చేసుకున్నాను. నేను అడిగితేనే ఆయన కొడతారు. నేను ఆపమంటే ఆపేస్తారు. ఆయనకు కోపం వచ్చి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు నన్ను, ఈ రోజు దాకా."

ఆయన ముఖంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. తోలుకుచ్చును పేపరు మీద పడేసి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ఇప్పటిదాకా ఊపి ఊపి ఆడుకున్నది అదే చెయ్యి.

"ఆడదానివేనా నువ్వు?" అన్నాడు. "గిట్ల అడిగే ఆడదాన్ని నేనెక్కడ సూడలే. ఛీ. పండుగ పూట." మా ఆయనతో, "నిజమేనారా?" అన్నాడు.

క్యాలెండరు అయిపోయింది పాపం. "నిజమే చిన్నాయనా" అన్నాడు మా ఆయన. ఆలస్యంగానే అన్నాడు, కానీ అన్నాడు. "ఆమె అడుగుతది, నేను చేస్త. మా ఇద్దరి ఇష్టం."

చిన్నమామగారు లేచాడు. జమ్మి ఆకు టీవీ మీద పెట్టాడు. పులిహోర తినలేదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. కొట్టేవాడి ఇంట్లో భోజనం చేయడానికి ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అడిగేదాని ఇంట్లో నీళ్ళు కూడా ముట్టుకోలేకపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కింది దాకా వినిపించింది.

ముగ్గురం మిగిలాం. అత్తయ్య అలాగే నేల మీద కూర్చుని ఉంది. ఇప్పుడు ఆవిడ కూడా ఛీ అంటుందని నాకు తెలుసు. అనుకుంటే భయం వేసింది. చిన్నమామగారు ఛీ అంటే నాకు లెక్క లేదు, ఈవిడ అంటే నేను తట్టుకోలేను. నన్ను మనసారా బిడ్డా అని పిలిచే మనిషి ఆ ఇంట్లో ఈవిడ ఒక్కతే.

"ఆపుమంటె ఆపుతడా?" అంది.

"ఆపుతారు అత్తయ్యా."

"మొదటి మాటకేనా?"

"మొదటి మాటకే."

"ఇగ అటెంక, ఎందుకు ఆపమన్నవ్ అని అడగడా? మొఖం ముడుచుకోడా?"

"లేదత్తయ్యా. మంచినీళ్ళు తెచ్చిస్తారు."

ఆవిడ తోలుకుచ్చు పట్టీలను వేళ్ళతో ఒక్కొక్కటిగా విడదీసి, గుండ్రంగా కోసిన కొసలను తడిమింది. "మొనలు తీసేసినవ్" అంది. అవునన్నాను.

తర్వాత ఇనుప పెట్టెను దగ్గరికి లాక్కుంది. పూజకు తీయకుండా అడుగున వదిలేసింది ఒకటి ఉంది. చెయ్యి పెట్టి బయటికి తీసింది. నల్లగా, బిరుసెక్కి, మధ్యలో చీలిన లారీ ఫ్యాన్ బెల్టు. దాన్ని చూడగానే మా ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంజనుకు వేసే బెల్టును చూసి ఎవరూ అలా వెనక్కి పోరు.

"ఏటా దసరకు దీనికి గూడ నేనే బొట్టు పెట్టేదాన్ని బిడ్డా" అంది నాతో. "మీ మామ ముంగట కూసోని పెట్టిచ్చేటోడు. పని చేసే వస్తువు గదా, మరువకు అనేటోడు. ఆయన పోయినంక గూడ పెట్టిన. అలవాటయింది. ఈ యేడు చెయ్యి రాలే."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ ఏడవలేదు. కొడుకు వైపు చూసింది.

"అరేయ్. ఆమె ఆపుమన్ననాడు ఆపకపోతివా, నేనే ఊర్ల నుంచి ఒచ్చి నీ చేతులు ఇరగ్గొడ్త."

"సరే అమ్మా" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ ముందుకు వచ్చి, "గది ఇటియ్యి. చెత్తకుండీల పారేసొస్త" అని చెయ్యి చాపాడు.

ఆవిడ ఇవ్వలేదు. మోకాలి మీద చెయ్యి ఊని లేచి, ఫ్యాన్ బెల్టును చుట్ట చుట్టుకుని, గడప దగ్గర చెప్పులు తొడుక్కుంది.

"నువ్వెందుకు? దెబ్బలు తిన్నది నేను" అని మెట్లు దిగింది.